కుంకుడు రసం చెంబు

1999 జూన్‌లో గుంటూరులోని ఒక మిషను ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా చేరాను. అంతకు ముందు ఒంగోలులో కుష్ఠు నివారణ పనిలో ఉండేదాన్ని. ఈ ఉద్యోగం ఏమిటని నన్ను చాలామంది అడిగేవారు. జబ్బును నిర్ణయించడం, మందులు రాయడం డాక్టరు పని. వార్డు చూసుకోవడం నర్సుల పని. రోగి ఎక్కడి నుంచి వచ్చాడు, ఇంట్లో ఎవరున్నారు, జబ్బు మొదలయ్యే ముందు ఏం జరిగింది అన్నవి అడిగి రాసుకోవడం, అవసరమైతే ఆ ఇంటికి వెళ్ళి చూసి రావడం నా పని. అడిగి రాసుకున్నదాన్ని కేసు హిస్టరీ అంటాం. దాని కింద నా సంతకం, దానిపైన డాక్టరుగారి సంతకం ఉండాలి. మా డాక్టరు శేషగిరిగారు హిస్టరీ సరిగా లేకపోతే కాగితం తిప్పి పంపేసేవారు.

నేను క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగిన మనిషిని. మా నాన్నగారు సంఘ పెద్ద. ఎక్కాలకంటే ముందు బైబిలు వాక్యాలు కంఠస్థం చేశాను. ప్రార్థన మీద నా నమ్మకం ఉద్యోగంలో చేరాక తగ్గలేదు, రిటైరయ్యాకా తగ్గలేదు. ఇది ముందే చెప్పడానికి కారణం, నేను రాయబోయే సంగతిలో ప్రార్థన కూడా ఉంది. దాన్ని ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు.

2000 అక్టోబరులో ఒక సోమవారం ఓ.పి.కి ప్రత్తిపాడు వైపు ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చింది. ప్రకాశరావు అనే రైతు, ఆయన భార్య సువార్త, ఆయన తల్లి మార్తమ్మ. వాళ్ళతో ఎనిమిదేళ్ళు నిండబోతున్న ఆడపిల్ల. పేరు దీవెన. పిల్లలు లేక, ఒంగోలు దగ్గరి ఒక బాలల గృహం నుంచి ఆ పాపను తెచ్చుకుని అప్పటికి సంవత్సరం దాటింది. సొంతంగా కొంచెం, కౌలుకు కొంచెం పొలంలో పత్తి, మిరప వేసేవారు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో హిందువులకు ఉన్నట్టు క్రైస్తవులకు దత్తత చట్టం లేదు. పిల్లను తెచ్చుకున్నవాళ్ళు కోర్టులో దరఖాస్తు పెట్టి 'సంరక్షకులు' అనిపించుకోవాలి, అంతే. విశ్వాసులందరూ దేవుని దత్తపుత్రులే అని ప్రతి ఆదివారం వినే మాకు, ఇంట్లో పెంచుకునే పిల్లను దత్తపుత్రిక అనే హక్కు కాగితం మీద లేదు. ప్రకాశరావు దరఖాస్తు ఇంకా విచారణలో ఉంది. డిసెంబరులో వాయిదా. ఆ లోపల 'మాకు వద్దు' అని ఒక్క మాట అంటే పాప తిరిగి హోముకు పోతుంది. వాళ్ళు మా దగ్గరికి వచ్చింది ఆ మాట అనాలా వద్దా అని తేల్చుకోవడానికే.

జరిగింది ఇది. వారం క్రితం మధ్యాహ్నం ప్రకాశరావు పత్తికి పురుగుమందు కొట్టి ఇంటికొచ్చి, అలసిపోయి వసారాలో నులక మంచం మీద పడి నిద్రపోయాడు. దీవెన చెంబుతో ఏదో తెచ్చి, ఆయన దవడ పట్టుకుని నోట్లో పోసింది. ఊపిరాడక లేచి, దగ్గి, వాంతి చేసుకున్నాడు. ఊళ్ళో ఆర్.ఎం.పి. వచ్చి చూసి విషం కాదన్నాడు. కానీ ఆ రాత్రంతా ఆయాసపడ్డాడు.

మార్తమ్మ ఆ చెంబును ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చింది. నా బల్ల మీద పెట్టి, "నిద్రలో ఉన్నోడి నోట్లో పోసిందమ్మా! రేపు ఇంకేం పోసుద్దో ఎవడికి తెలుసు? చూసుకో, నువ్వే చూసుకో" అంది. అడుగున ఎండిపోయిన నురుగు ఉంది. వాసన చూస్తే కుంకుడు రసం. తలంటుకు కొట్టి నానబెట్టుకునేదే.

నోట్లో పోయడం మొదటిసారే గానీ, చెంబు కనబడటం మొదటిసారి కాదని సువార్త చెప్పింది. రెండు నెలలుగా డబ్బాలో కుంకుడుకాయలు తరిగిపోతున్నాయి. మంచం కింద, తలుపు మూల, అప్పుడప్పుడు చెంబుతో రసం కనబడేది. అడిగితే పిల్ల నోరు విప్పదు. కొట్టినా విప్పలేదు. మార్తమ్మకు చేతబడి అనుమానం వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆ అనుమానానికి ఇంకాస్త చేర్చారు. నోట్లో పోసిన రోజుతో అందరికీ అది రుజువైనట్టయింది.

ప్రకాశరావు తక్కువ మాట్లాడే మనిషి. "నాకు దాని మీద కోపం లేదండి. కానీ మధ్యానం కునుకు తీద్దామంటే గుండె దడదడలాడతంది" అన్నాడు.

సువార్త తల వంచుకుని చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది. "నా కడుపున పుట్టిందయితే ఎక్కడికి పంపిస్తామండి? కొట్టో తిట్టో ఇంట్లోనే పెట్టుకుంటాం కదా. పంపే చోటు ఒకటి ఉంది కాబట్టే అందరికీ పంపమని తోస్తంది."

దీవెన ఆ సంభాషణ జరిగినంతసేపూ బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉంది. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వైపు చూసేది. కళ్ళలోకి చూసేది కాదు. దీన్ని నేను హిస్టరీలో రాశాను గానీ అర్థం తెలియలేదు. శేషగిరిగారు పరీక్ష చేసి మూర్ఛ లేదన్నారు, బుద్ధిమాంద్యం లేదన్నారు. మనసుకు తగిలిన పాత దెబ్బ ఏదో ఉండవచ్చు, ఇంటికి వెళ్ళి చూసి రమ్మన్నారు. హోము ఇచ్చిన కాగితంలో తల్లి చిన్నప్పుడే పోయిందనీ, తండ్రి మరణించాడనీ, నాయనమ్మ తెచ్చి అప్పగించిందనీ మాత్రమే ఉంది.

నేను వెళ్ళేలోగానే వాళ్ళ పాస్టర్ సమూయేలుగారు చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టారు. నేను బస్సు దిగి చర్చి మీదుగా వెళ్తుంటే లోపల కేకలు వినబడ్డాయి. ఆడవాళ్ళు నలుగురు దీవెన చేతులూ కాళ్ళూ పట్టుకుని ఉన్నారు. పాస్టర్‌గారు తల మీద నూనె పోసి దురాత్మను గద్దిస్తున్నారు. పిల్ల కేకలు వేయడం లేదు, కేకలు వాళ్ళవే. పిల్ల ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి ఉంది.

ప్రార్థన అయ్యేదాకా వెనక నిలబడ్డాను. బయటికొచ్చాక వందనాలు చెప్పి, నేను ఎవరినో చెప్పాను. మా నాన్నగారి పేరు ఆయనకు తెలుసు.

"సిస్టరుగారూ, మీ నాన్నగారు మా సభలకొచ్చి మోకాళ్ళూనిన మనిషి. మీరేమో దురాత్మకు మాత్రలు మింగిస్తామంటున్నారు. జీతం మనిషిని ఎంత మారుస్తుందండీ!" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

నేను వాదించలేదు. ఒక తండ్రి మూర్ఛలతో పడిపోతున్న కొడుకును ప్రభువు దగ్గరికి తెచ్చిన సంగతి గుర్తు చేశాను. ప్రభువు వెంటనే గద్దించలేదు. ముందు ఆ తండ్రిని, ఇది ఎప్పటి నుంచి ఉందని అడిగాడు. తెలియక అడిగాడని మనం నమ్మం. అయినా అడిగాడు. ఈ పిల్ల గురించి ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా అన్నాను. పాస్టర్‌గారు బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. నాతో తర్వాత ఎన్నడూ సరిగా మాట్లాడనూ లేదు. కానీ ఆ రోజు తర్వాత పిల్లను పట్టుకోవడానికి మనుషుల్ని పెట్టలేదని సువార్త చెప్పింది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఎండ తగ్గుతోంది. వసారాలో దీవెన పక్కన కూర్చుని పలక ఇచ్చాను. ఇల్లు గీసింది. ఇంటికి తలుపు గీసి, తలుపు మీద మళ్ళీ మళ్ళీ గీతలు పెట్టి మూసేసింది. అప్పుడు పెరటి వైపు నుంచి ప్రకాశరావు వచ్చాడు. వీపు మీద మందు ట్యాంకు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుని ఉంది. మనిషికంటే ముందు వాసన వచ్చింది. పత్తి పండే ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఆ వాసన కొత్త కాదు. వెల్లుల్లి కుళ్ళినట్టుంటుంది. ట్యాంకు దించి, నాకు నమస్కారం పెట్టి, "ఒక్క నిమిషమండి, నడుం పట్టేసింది" అంటూ మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

దీవెన పలక కింద పెట్టింది. ఆయన నోటి వైపు చూసింది. లేచి వంటింట్లోకి పోయింది. డబ్బా మూత చప్పుడైంది. మార్తమ్మ పరుగెత్తి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. "అదిగో, మళ్ళీ మొదలెట్టింది! మీ కళ్ళతో చూడండి!" పిల్ల గుప్పిట్లో కుంకుడుకాయలున్నాయి.

జుట్టు వదలమన్నాను. అక్కడున్న అందరినీ ఒకటే అడిగాను. ఈ ఊళ్ళో ఎవరైనా పురుగుమందు తాగితే, ఆసుపత్రికి ఎత్తుకెళ్ళే ముందు ఇంట్లోవాళ్ళు నోట్లో ఏం పోస్తారు?

పత్తికి పురుగు పట్టి అప్పుల పాలైన ఆ రెండు మూడేళ్ళలో మా వైపు ఎన్ని ఇళ్ళలో ఆ చావులు జరిగాయో అందరికీ తెలుసు. తాగినవాడితో కక్కించడానికి కుంకుడు రసం పోయడం చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసిన సంగతి కళ్ళెదుట ఉన్నా ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఎందుకంటే అక్కడ మందు తాగిన మనిషి లేడు, మందు కొట్టొచ్చిన మనిషి ఉన్నాడు. ఆ తేడా పిల్లకు తెలియదు. వాసన ఒకటే.

ప్రకాశరావు మంచం మీద లేచి కూర్చున్నాడు. మార్తమ్మ పిల్ల భుజాలు పట్టి ఊపుతూ, "వాడు తాగలేదే పిచ్చిదానా, కొట్టొచ్చాడంతే! తాగలేదు!" అని అరిచింది. ఆ అరుపులో కోపమెంతో ఏడుపు అంతే ఉంది.

మిగతాది తెలియడానికి చాలా రోజులు పట్టింది. మా విభాగంలో పిల్లలతో బొమ్మలు పెట్టి ఆడిస్తూ మాట్లాడించే పద్ధతి ఉండేది. నేరుగా అడిగితే చెప్పని సంగతి బొమ్మకు జరిగినట్టు చెబుతారు. దీవెన మగబొమ్మను పడుకోబెట్టి, చిన్న బొమ్మను గది చుట్టూ పరుగెత్తించేది.

"మందు వాసనొచ్చింది. పడుకున్నాడు. పిలిస్తే లెగలేదు. తొందరగా పొయ్యాలి. లేటయితే చచ్చిపోతారు."

ఎవరు చెప్పారని అడిగాను. "నాయనమ్మ" అంది.

హోముకు వెళ్ళి వార్డెన్‌ను కలిశాను. ఆమెకు అంతా తెలుసు. దీవెనకు ఐదేళ్ళప్పుడు, మార్టూరు వైపు వాళ్ళ ఊళ్ళో కన్నతండ్రి పిల్ల ఎదుటే మందు తాగాడు. గుమిగూడినవాళ్ళు కుంకుడుకాయలు తెమ్మని పిల్లను తరిమారు. ఇంట్లో లేవు. ఇంటింటికీ తిరిగి తెచ్చేసరికి అయిపోయింది. శవం మీద పడి ఏడుస్తూ అతని తల్లి, పిల్లను హోములో అప్పగించిన ఆ నాయనమ్మే, ఈ ముదనష్టపుది తొందరగా తెచ్చుంటే నా కొడుకు బతికేవాడని అందట. దుఃఖంలో అన్న మాట. ఆమె మర్చిపోయి ఉంటుంది. పిల్ల మర్చిపోలేదు.

ఇది కాగితంలో ఎందుకు రాయలేదని అడిగితే వార్డెన్, "రాస్తే ఎవరు తీసుకెళ్తారండి? నష్టజాతకం అంటారు" అంది. ఆమె చెప్పింది అబద్ధమూ కాదు.

తల్లిదండ్రులను కూర్చోబెట్టి శేషగిరిగారు వివరించారు. భయంకరమైనది చూసిన పిల్లలకు అది అయిపోయిన సంగతిలా ఉండదు, మళ్ళీ ఇప్పుడే జరగబోతున్నట్టు ఉంటుంది. గుర్తుచేసే వాసన తగిలితే చాలు. నిద్రలో ఉన్నవాడి నోట్లో రసం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చని, కాబట్టి వాళ్ళు భయపడటంలో తప్పు లేదని కూడా చెప్పారు.

"తగ్గుద్దాండీ?" అని అడిగాడు ప్రకాశరావు.

చెప్పలేమన్నారు డాక్టరుగారు. తగ్గవచ్చు, ఏళ్ళు పట్టవచ్చు, కొంత మిగిలిపోవచ్చు.

ప్రకాశరావు లేచి బయటికెళ్ళాడు. కిటికీలోంచి కనబడుతున్నాడు, గేటు దగ్గర వేపచెట్టు కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. సువార్త కదలకుండా కూర్చుంది. ఆయన తిరిగొచ్చి నిలబడే, "సరేనండి. తగ్గినా తగ్గకపోయినా డిసెంబరు వాయిదాకి వస్తామని రాయండి" అన్నాడు. నేను రాశాను, డాక్టరుగారు సంతకం పెట్టారు. కోర్టు సంరక్షణ ఉత్తర్వు ఇచ్చింది.

వైద్యం అనేది పెద్ద మాట, మేం చేయించినవి చిన్న పనులు. అప్పటిదాకా మందు డబ్బాలు ఇంటి అటక మీద ఉండేవి, చాలా ఇళ్ళలో అంతే. వాటిని పొలంలో మోటారు షెడ్డుకు మార్పించాం. మందు కొట్టాక అక్కడే బోరు కింద స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలి. వచ్చీ రాగానే పడుకోకూడదు, పిల్ల ఎదుట కూర్చుని ఏదైనా తినాలి. ఇవన్నీ మేం చెప్పినవి. మేం చెప్పనిది ఒకటి ప్రకాశరావే మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఇంటికి రాగానే పిల్ల ముందు గొంతుక్కూర్చుని నోరు తెరిచి, "చూడు, ఏం లేదు" అన్నాడట. దీవెన ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, "ఊఁ" అని వెళ్ళిపోయిందట. ఆ రోజు నుంచి అది రోజువారీ పనైంది. ఊళ్ళో మగవాళ్ళు, "ఏరా ప్రకాశం, బ్రాందీ షాపుకెళ్ళొస్తే పెళ్ళాం చూస్తది, నీకు కూతురు కూడానా!" అని ఏడిపించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. శేషగిరిగారికి చెబితే, దాన్ని ఉన్నదున్నట్టు కేసు షీటులో రాయమన్నారు.

చెంబు పెట్టడం తగ్గింది గానీ పోలేదు. తర్వాతి ఏడు పత్తి తీసే రోజుల్లో ఆ వీధిలోనే ఒక కౌలు రైతు మందు తాగాడు. కేకలు విని అందరికంటే ముందు కుంకుడు రసం తీసుకుని పరుగెత్తింది దీవెన. ఆమె చేతిలోంచి తీసుకునే పోశారు. ట్రాక్టరులో గుంటూరు తెస్తుండగా దారిలోనే పోయాడు. దీవెన మాట పడిపోయింది. మళ్ళీ మా దగ్గరికి తెచ్చారు. వారాల తరబడి బొమ్మల గదిలో ఊరికే కూర్చునేది. ప్రకాశరావు అప్పుడూ నోరు తెరిచేవాడు. వాసన చూసేది, "ఊఁ" అనేది కాదు.

ఒక రోజు ఆ పిల్ల నా వైపు చూడకుండా, "నేను తొందరగానే తెచ్చాను" అంది. చేతిలోని బొమ్మను పడుకోబెట్టి, "అయినా చచ్చిపోయాడు" అంది. ఆ తర్వాత అడిగింది. "అప్పుడు కూడా, తొందరగా తెచ్చినా, మా నాన్న చచ్చిపోయేవాడేనా?"

నీ తప్పు లేదని ఆ పిల్లకు అప్పటికి ఎన్నోసార్లు చెప్పి ఉన్నాను. ఆ మాటలేవీ పని చేయలేదు. ఈసారి, "బహుశా చచ్చిపోయేవాడేనమ్మా" అన్నాను. తల ఊపింది. ఆ తర్వాత మెల్లగా మాట తిరిగొచ్చింది. మంచం కింద చెంబు మళ్ళీ కనబడలేదని సువార్త చెప్పింది.

ఆ రైతు చావు వల్ల ఈ పిల్ల బాగుపడిందని, అది దేవుని ఏర్పాటని సంఘంలో కొందరు సాక్ష్యం చెప్పారు. నేను ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆయన భార్య అదే చర్చిలో, అదే చాప మీద కూర్చునేది. ఇద్దరు పిల్లలు ఆమెకు. దేవుడు ఆ రోజు ఏం చేశాడో నాకు తెలియదు. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పడం విశ్వాసం కాదని నా నమ్మకం.

దీవెన పూర్తిగా మామూలు పిల్ల కాలేదు. తలంటు రోజు స్నానానికి రమ్మంటే ఇంటర్ చదివే వయసులో కూడా ఒళ్ళు బిగుసుకునేది. షాంపూ ప్యాకెట్లతో సరిపెట్టుకున్నారు. మార్తమ్మ పోయేదాకా ఆ పిల్లను పూర్తిగా నమ్మలేదు. ప్రకాశరావు పత్తి మానేసి మిరప మాత్రం వేశాడు. దానికీ మందు కొట్టక తప్పదు. నేను చివరిసారి వాళ్ళింటికి వెళ్ళిన సాయంత్రం, పిల్ల దాదాపు ఆయన ఎత్తు పెరిగి ఉంది. ఆయన గుమ్మంలోకి రాగానే చెప్పులు విడిచి నోరు తెరిచాడు. ఆమె పుస్తకంలోంచి తలెత్తి, వంగి వాసన చూసి, మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోయింది.

ఆ కేసు తర్వాత నా పనిలో కొన్ని మారాయి. తెచ్చుకున్న పిల్ల చేసిన పని వింతగా కనబడితే, ఏం చేసింది అని అడిగి ఊరుకోకుండా, ఎవరికి ఏమవుతుందని భయపడి చేసిందో అడగడం నేర్చుకున్నాను. హోము కాగితంలో 'మరణించాడు' అని ఉంటే ఎలా అని రాయించేదాకా సంతకం పెట్టేదాన్ని కాదు. ఇంటికి వెళ్తే తండ్రి పని నుంచి వచ్చే వేళకే వెళ్ళేదాన్ని. ఇలాంటి పిల్లలకు పూర్తిగా నయం కావడం అరుదు. తెచ్చుకున్నవాళ్ళకు రోజూ చేయగలిగిన పని ఒకటి దొరికితే పిల్ల ఆ ఇంట్లో ఉండిపోతుంది. దొరక్కపోతే మందులూ ప్రార్థనా రెండూ ఉన్నా తిరిగి హోముకు పోతుంది. అలా పోయినవాళ్ళ కాగితాల మీద కూడా నా సంతకం ఉంది.